సొంత రాత – గుణపరీక్ష

పాఠ్యాంశ ఉద్దేశం

తన అనుభవాన్ని తన గొంతుతో రాసి, తానే పుటగా కూర్చి, పదిమంది ముందు ఉంచేవారి సంఖ్య నేడు ఎంతో పెరిగింది. అటువంటి రచన రూపాన్నీ, భాషనూ ఏ ప్రమాణాలతో పరిశీలించాలో, దాని గుణదోషాలను ఎలా చెప్పాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. కృష్ణాజిల్లాలోని కూచిపూడి నాట్యసంప్రదాయాన్ని ఈ పరిశీలనకు ఆధారంగా తీసుకొన్నాం.

పాఠ్యభాగం

రాయడం ఒక విద్య. రాసినదాన్ని తూచడం మరొక విద్య. మొదటిది కొందరికే పట్టుబడవచ్చు. రెండవది మాత్రం చదువుకొన్న ప్రతివారికీ అవసరం. ఎందుకంటే, రచయితలు కానివారు ఉంటారు గాని పాఠకులు కానివారు చదువుకొన్నవారిలో ఉండరు.

ఒకప్పుడు రాసినది అచ్చులో కనబడాలంటే సంపాదకుని ఆమోదం కావాలి. మచిలీపట్నంలో 1902లో ప్రారంభమైన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావు 1907 నుండి 1945లో కన్నుమూసే వరకు సంపాదకులుగా ఉన్నారు. అటువంటివారి బల్ల దాటి వచ్చిన రచనను పాఠకుడు సగం నమ్మకంతోనే చేతిలోకి తీసుకొనేవాడు. వ్యాసాన్ని ఎంచేవారు ఒకరు, తప్పులు దిద్దేవారు ఒకరు, అక్షరాలు కూర్చేవారు ఒకరు, బొమ్మ వేసేవారు మరొకరు. ఇన్ని చేతులు మారిన తరువాతనే రచన బయటకు వచ్చేది.

సొంత రాత అలాంటిది కాదు. కళాశాల గోడపత్రికలో అతికించిన కాగితమైనా, మిత్రులు కలిసి తీసుకువచ్చే చేతిరాత పత్రికలోని వ్యాసమైనా, అంతర్జాలంలో ఒకరు తమకోసం ఏర్పరచుకొన్న పుట అయినా, అక్కడ రచయితే సంపాదకుడు, అతడే కూర్పరి, అతడే చిత్రకారుడు. అడ్డుచెప్పేవారు లేరు గనుక స్వేచ్ఛ పెరిగింది. దిద్దేవారు లేరు గనుక వడపోసే బాధ్యత పాఠకుని మీద పడింది.

ఈ బాధ్యతను సరిగా నిర్వహించకపోతే కలిగే నష్టం చిన్నది కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ సంఘటన గురించి ఇద్దరు విద్యార్థులు రాశారనుకొందాం. మొదటి పుట రంగురంగులది. పెద్ద అక్షరాల శీర్షిక, చుట్టూ అలల బొమ్మలతో అంచు. అందులోని మాటలు ఇవి: “ప్రకృతి ప్రళయతాండవం చేసిన ఆ కాళరాత్రి జనజీవనం అతలాకుతలమైంది. ఆ హృదయవిదారక దృశ్యాలు వర్ణనాతీతం.” రెండవది గీతల కాగితం మీద రాసినది. అక్షరదోషాలు ఉన్నాయి. అందులో ఇలా ఉంది: “మా అమ్మమ్మకు అప్పుడు పన్నెండేళ్లు. నీళ్లు గుమ్మంలోకి వచ్చినప్పుడు వాళ్ల నాన్న ముందు గేదె పలుపు విప్పాడంట. తర్వాత పిల్లల్ని అటకెక్కించాడంట. ఆ భాద అమ్మమ్మ ఎవరికీ చెప్పదు. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే మంచం దిగి తలుపు గొళ్లెం చూసుకుంటది.”

పైపైన చూచేవారు మొదటిదానికే మార్కులు వేస్తారు. అప్పుడు రెండవ విద్యార్థి మళ్లీ కలం పట్టకపోవచ్చు. ఆ అమ్మమ్మ జ్ఞాపకం ఆమెతోనే అంతరించిపోవచ్చు. తప్పుడు తూకం వల్ల మనం పోగొట్టుకొనేది ఇది. కాబట్టి ఈ రెండు రచనలనూ మనసులో ఉంచుకొని, న్యాయమైన తూకం ఏదో విచారిద్దాం.

ముందు జాతిని తెలుసుకోవాలి

కూచిపూడి కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని గ్రామం. సిద్ధేంద్రయోగి పేరుతో ముడిపడిన భామాకలాపానికీ, యక్షగానాలకూ అది పుట్టినిల్లు. నేడు ప్రపంచమంతటా ప్రసిద్ధమైన ఈ నాట్యం కూడా ఒకనాడు పరీక్షకు నిలబడవలసి వచ్చింది. 1958లో సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నృత్యసదస్సు నిర్వహించింది. కూచిపూడి స్వతంత్రమైన శాస్త్రీయ నృత్యమా, లేక భరతనాట్యంలో ఒక శాఖ మాత్రమేనా అనే ప్రశ్న ఆ సందర్భంలో తలెత్తింది. దీనికి సమాధానంగా 1959లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో సదస్సు జరిపింది. పండితులు, నాట్యాచార్యులు పాల్గొని కూచిపూడికి గల ప్రత్యేకతను నిరూపించడానికి పూనుకొన్నారు. నేడు సంగీత నాటక అకాడమీ గుర్తించిన శాస్త్రీయ నృత్యాలలో కూచిపూడి ఒకటి.

ఈ చరిత్రలో విమర్శకులకు ఒక పాఠం ఉంది. కూచిపూడి మూలంలో ఒంటరి నృత్యం కాదు. కొందరు నటులు కలిసి ప్రదర్శించే నాట్యం. అందులో పాత్రధారి ఆడతాడు, పాడతాడు, మాట్లాడతాడు. కేవలం అడుగులనూ ముద్రలనూ మాత్రమే లెక్కించే కొలబద్దతో దాన్ని కొలిస్తే సగం కళ లెక్కలోకి రాదు. లోపం అప్పుడు నాట్యంలో లేదు, కొలబద్దలో ఉంది.

సొంత రాతల విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. జ్ఞాపకం, యాత్రావర్ణన, అభిప్రాయ వ్యాసం, హాస్యం, వంటల వివరణ – ఒక్కొక్కటి ఒక్కొక్క జాతి. అభిప్రాయ వ్యాసంలో తర్కం లేకపోతే అది దోషం. జ్ఞాపకంలో తర్కాన్ని వెదకడం పాఠకుని దోషం. పులుసు ఎలా కాచాలో చెప్పే పుటలో కొలతలు, క్రమం ఉంటే చాలు, ఉపమాలంకారాలు అక్కరలేదు. కాబట్టి “ఇది బాగుందా?” అనడానికి ముందు “ఇది ఏమి చేయదలచింది?” అని ప్రశ్నించుకోవాలి. ఆ తరువాతే తూకం.

నాలుగు ప్రమాణాలు

అభినయం నాలుగు విధాలని నాట్యశాస్త్రం చెబుతుంది. శరీరావయవాలతో చేసేది ఆంగికం. మాటతో, పాటతో చేసేది వాచికం. వేషభూషణాలతో కలిగేది ఆహార్యం. మనసు లీనమైనప్పుడు లోపలినుండి వెలువడేది సాత్త్వికం. ఈ నాలుగూ కలిస్తేనే నాట్యం పరిపూర్ణమవుతుంది. సొంత రాతను పరిశీలించడానికి కూడా ఈ విభాగం చక్కగా ఉపకరిస్తుంది. పుట రూపకల్పన ఆహార్యం. విషయాన్ని అమర్చిన తీరు ఆంగికం. భాష వాచికం. రచయిత చిత్తశుద్ధి సాత్త్వికం.

1. ఆహార్యం: పుట రూపం

సత్యభామ వేషంలో ఆభరణాలు ఎన్నో ఉంటాయి. తలమీద సూర్యచంద్రులు, రాకిడి, పొడవైన జడ, దానికి కుప్పెలు. చూచేవారికి అది బరువైన బంగారం. కాని కూచిపూడి సంప్రదాయంలో ఆ నగలను తేలికైన చెక్కతో చేసి, పైన రంగుటద్దాలు పొదిగేవారు. రాత్రంతా ఆడవలసిన నటునికి బరువైన నగ శత్రువు. చూడడానికి నిండుగా ఉండాలి, ఆటకు అడ్డు రాకూడదు – ఇది ఆహార్యానికి మొదటి సూత్రం.

పూర్వం ప్రదర్శనలు కాగడాల వెలుగులో జరిగేవి. ముఖ్యపాత్ర ప్రవేశించేటప్పుడు కాగడాపై గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచి ముఖం వెలిగేది. ఆ మెరుపు ప్రవేశానికే పరిమితం. రాత్రంతా గుగ్గిలం చల్లితే ప్రేక్షకునికి పొగ తప్ప మరేమీ కనబడదు. పుటలో పెద్ద అక్షరాలు, ముదురు రంగులు, కదిలే బొమ్మలు గుగ్గిలం వంటివి. ఒకచోట వాడితే చూపు నిలుస్తుంది. అంతటా వాడితే చూపు చెదరుతుంది.

తెలుగు పుటకు ప్రత్యేకమైన అవసరాలు కొన్ని ఉన్నాయి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం వంటి గుర్తులు చేరుతాయి. కింద ఒత్తులు దిగుతాయి. ఇంగ్లీషు పంక్తులకు సరిపోయే ఎడం తెలుగు పంక్తులకు చాలదు. ఎడం తక్కువైతే పై పంక్తిలోని ఒత్తు కింది పంక్తిలోని గుడితో ఢీకొంటుంది. పంక్తుల మధ్య తగినంత ఖాళీ ఉందా అనేది మొదట చూడవలసిన విషయం. మన అక్షరాలలో పోలికలు కూడా ఎక్కువ. ప, ష, స ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. థ, ధ అక్షరాలకు భేదం చిన్న గుర్తులోనే ఉంది. అక్షరం మరీ అలంకృతమైనా, మరీ లావుగా ఉన్నా ఈ భేదాలు పూడుకుపోతాయి. తెలుగు పదాలు పొడవైనవి గనుక, ఇరుకైన తెరమీద రెండువైపులా అంచులను సమం చేయబోతే మాటల నడుమ గుంటలు పడతాయి. అక్కడ ఎడమ అంచును మాత్రమే సమంగా ఉంచడం మంచిది.

అక్షరరూపాల ఎంపికలో నేటి రచయితలకు కొరత లేదు. కంప్యూటరులో తెలుగు వాడకం మొదలైన రోజుల్లో ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క అక్షర ఏర్పాటు. అది మన యంత్రంలో లేకపోతే పుట అంతా అర్థంకాని గుర్తులతో నిండేది. యూనికోడ్ విధానం వ్యాపించిన తరువాత ఆ చిక్కు తొలగింది. 2000 ప్రాంతంలో పోతన అక్షరరూపం, 2012 ప్రాంతంలో సిలికానాంధ్ర సంస్థ ద్వారా మరికొన్ని ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. వాటిలో ఒకటి ‘మండలి’. 1975లో హైదరాబాదులో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభల నిర్వాహకులు, దివిసీమ నాయకులు అయిన మండలి వెంకట కృష్ణారావు పేరు దానికి పెట్టారు. మండలి సాదాగా ఉండి, వార్తలకూ దీర్ఘమైన పాఠానికీ పనికివస్తుంది. అదే సంస్థ అందించిన ‘రవిప్రకాశ్’ వంటి ఒయ్యారపు అక్షరం శీర్షికకు, ఆహ్వానపత్రికకు శోభ. దానితో నాలుగు పుటలు నింపితే చదువరి కళ్లు అలసిపోతాయి. పెళ్లి పట్టుచీర పొలం పనికి తగదు. అందుకు తప్పు చీరది కాదు.

ఆహార్యం వేదికను బట్టి మారాలి కూడా. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, ఊరి నడుమ ఆడే నాట్యాన్ని నగర రంగస్థలానికి అనుగుణంగా తీర్చిదిద్దారు. వీథిలో కాగడా ముందు తగిన వేషం విద్యుద్దీపాల ముందు అదే తీరున ఉండనవసరం లేదు. అలాగే గోడపత్రికను నిలబడి, అడుగు దూరంనుండి చదువుతారు. చేతిఫోనులోని పుటను ప్రయాణంలో చదువుతారు. ఎవరు, ఎక్కడ, ఎలా చదువుతారో తెలిసిన రచయిత పుటను దానికి తగినట్లు కూరుస్తాడు.

2. ఆంగికం: అమరిక

భామాకలాపంలో ఒక ప్రసిద్ధమైన ఆచారం ఉంది. సత్యభామ తెర వెనుక ఉండగానే తన జడను తెరమీదుగా ముందుకు వేస్తుంది. అది విద్వాంసులకు సవాలు. తనతో పోటీకి రాగలవారు ఎవరైనా ఉన్నారా అని దాని భావం. అంత సవాలు విసిరిన పాత్రధారి ఆ తరువాత ప్రవేశదరువులో తన ప్రతిభను చూపించి తీరాలి. లేకపోతే ఆ జడ నవ్వులపాలవుతుంది.

రచనకు శీర్షిక తెరమీద వేసిన జడ వంటిది. అది ఇచ్చిన మాటను లోపలి విషయం నిలబెట్టాలి. “మీరు ఎన్నడూ వినని రహస్యం” అని శీర్షిక పెట్టి అందరికీ తెలిసిన మాటలు రాస్తే అది వంచన. శీర్షిక చదివి, వెంటనే చివరి పేరా చదివి చూడండి. రెండింటికీ పొత్తు కుదిరితే రచయితకు తాను ఎక్కడికి పోతున్నాడో తెలుసునని గ్రహించవచ్చు.

తరువాత చూడవలసినది క్రమం. నాట్యంలో చేయి ఎటు పోతే చూపు అటు పోవాలని శిక్షణ ఇస్తారు. రచనలో ఒక వాక్యం ఎటు చూపిందో తరువాతి వాక్యం అటు నడవాలి. పేరాకు ఒక భావం ఉండాలి. భావం మారినప్పుడు పేరా మారాలి. మధ్యలో వచ్చే బొమ్మ దగ్గరి వాక్యాలకు సంబంధించినదై ఉండాలి. ఇటువంటి అమరిక ఉన్న రచనలో పాఠకుడు వెనక్కి తిరిగి చూడనక్కరలేదు.

3. వాచికం: భాష

భాషను పరీక్షించేటప్పుడు మూడు విషయాలను విడివిడిగా చూడాలి. అవి అక్షరశుద్ధి, స్పష్టత, సహజత్వం.

అక్షరదోషాలన్నీ సమానమైనవి కావు. ‘అర్థం’ అంటే భావం. ‘అర్ధం’ అంటే సగం. ‘ధార’ వేరు, ‘దార’ వేరు. ఇటువంటి చోట్ల తప్పు రాస్తే భావమే మారిపోతుంది. ‘బాధ’ను ‘భాద’ అని, ‘కథ’ను ‘కధ’ అని రాసినప్పుడు భావం తెలుస్తూనే ఉంటుంది. కాని రచయిత శ్రద్ధ మీద అనుమానం కలుగుతుంది. మొదటి రకం దోషం పాఠకుని దారి తప్పిస్తుంది. రెండవ రకం అడుగడుగునా రాయిలా తగులుతుంది. రెండూ దిద్దదగినవే అయినా, మొదటిదే పెద్దది.

మాండలికం మాత్రం దోషం కాదు. గిడుగు రామమూర్తి వంటివారు వ్యావహారిక భాష కోసం దీర్ఘకాలం పోరాడారు. కృష్ణాజిల్లా కౌతరానికి చెందిన నార్ల వెంకటేశ్వరరావు పత్రికా రచనలో తేట తెలుగుకు పట్టం కట్టారు. అమ్మమ్మ మాటలను చెబుతూ ‘చూసుకుంటది’ అని రాసిన విద్యార్థి తప్పు చేయలేదు. ఆ ఇంటి గొంతును మనకు వినిపించాడు. అయితే ఒకే రచనలో, ఒకే గొంతుతో, కారణం లేకుండా ఒక వాక్యం గ్రాంథికంగా, మరొక వాక్యం వాడుకభాషలో ఉంటే అది శ్రుతి తప్పిన పాట అవుతుంది.

స్పష్టతకు శత్రువులు అరిగిపోయిన మాటలు. ‘ప్రళయతాండవం’, ‘అతలాకుతలం’, ‘హృదయవిదారకం’ – ఇవి ఒకనాడు బలమైన మాటలే. ఏ తుపానుకైనా, ఏ ప్రమాదానికైనా వాడివాడి వాటిని మొద్దుబార్చాం. ‘వర్ణనాతీతం’ అనే మాట మరీ వింతైనది. వర్ణించడానికి పూనుకొన్న రచయిత వర్ణించలేనని చెప్పి తప్పుకొంటున్నాడు. దానికి ఎదురుగా ‘గేదె పలుపు విప్పాడంట’ అనే వాక్యాన్ని ఉంచి చూడండి. అందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. అయినా నీళ్లు ఇంట్లోకి వస్తున్న ఆ క్షణంలో కట్టేసి ఉన్న మూగజీవాన్ని ముందు వదిలిన రైతు మనకు కనబడుతున్నాడు. విశేషణం చెప్పలేనిదాన్ని వివరం చూపిస్తుంది.

సహజత్వాన్ని తెలుసుకోవడానికి సులభమైన ఉపాయం ఒకటే. రచనను పైకి చదవాలి. ఊపిరి అందని వాక్యం పొడవైనది. నాలుక తడబడిన చోట కూర్పు బిగువు తప్పింది. చెవికి పరాయిగా తోచిన వాక్యం మరొక భాషనుండి మాటకు మాటగా తెచ్చినది.

4. సాత్త్వికం: చిత్తశుద్ధి

కన్నీరు, గగుర్పాటు, గొంతు బొంగురుపోవడం – వీటిని నాట్యశాస్త్రం సాత్త్వికభావాలలో చేర్చింది. వీటిని రంగుతో పూయలేము, నగలా తగిలించలేము. మనసు లీనమైతేనే కలుగుతాయి.

వేదాంతం సత్యనారాయణ శర్మ కూచిపూడిలో పుట్టి, స్త్రీపాత్రల అభినయంతో, ముఖ్యంగా సత్యభామగా దేశమంతటా పేరు పొందారు. 1970లో పద్మశ్రీ అందుకొన్నారు. ఆహార్యం పురుషునికి స్త్రీవేషం ఇవ్వగలదు. కాని సత్యభామ అభిమానాన్నీ, విరహాన్నీ ఇవ్వలేదు. వాటిని నటుడు తన లోపలినుండి తేవలసిందే. కాబట్టి వేషం ధరించడం అబద్ధం కాదు. వేషం వెనుక అనుభూతి లేకపోవడమే అబద్ధం.

సాహిత్యంలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. విజయవాడనుండి వెలువడిన ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సుబ్రహ్మణ్య శర్మ ‘పురాణం సీత’ అనే కలంపేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాశారు. మాట్లాడేది ఒక గృహిణి. రాసేది ఒక సంపాదకుడు. అయినా ఇంటి విషయాలనుండి లోకం పోకడల వరకు సాగిన ఆ ముచ్చట్లను పాఠకులు తమ ఇంటి మాటలుగా ఆదరించారు. రచయిత తన పేరును దాచినా చూపును దాచలేదు.

మరి చిత్తశుద్ధిని పాఠకుడు ఎలా గుర్తించగలడు? కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. రచయిత తాను చూచినదానికీ, విన్నదానికీ తేడా చూపిస్తాడు. రెండవ విద్యార్థి వాక్యాలలో ‘విప్పాడంట’, ‘ఎక్కించాడంట’ అనే క్రియలను గమనించండి. తాను చూడలేదనీ, అమ్మమ్మ చెప్పగా విన్నాననీ ఆ ఒక్క ‘అంట’ నిజాయితీగా ఒప్పుకొంటున్నది. గొళ్లెం సంగతికి వచ్చేసరికి ‘అంట’ లేదు. అది అతడు కళ్లారా చూచినది. ఇంకా, ఇతరుల మాటలను తెచ్చుకొన్నప్పుడు వారి పేరు చెప్పడం, లెక్కలు ఇచ్చినప్పుడు అవి ఎక్కడివో తెలపడం, తనను గొప్పచేసుకోకపోవడం కూడా ఆనవాళ్లే. నిగనిగలాడే పుటలో ఆధారం లేని మాట కనబడితే ఆ నిగనిగను మరింత అనుమానించాలి.

తూకం వేసే విధానం

ఈ నాలుగు ప్రమాణాలకు విలువలు ఏర్పరచుకొందాం. మొత్తం 10 అనుకొంటే ఆహార్యానికి 2, ఆంగికానికి 2, వాచికానికి 3, సాత్త్వికానికి 3 ఇవ్వవచ్చు. జాతిని బట్టి ఈ విలువలను కొద్దిగా మార్చుకోవచ్చును. వంటల వివరణలో ఆంగికానికి ఎక్కువ, జ్ఞాపకంలో సాత్త్వికానికి ఎక్కువ.

మన రెండు రచనలకు వద్దాం. మొదటి పుటకు ఆహార్యంలో 2. అంచు నిండుగా ఉన్నా అక్షరాలను కప్పలేదు. ఆంగికంలో 1. వాచికంలో 1, తప్పులు లేవు గాని మాటలన్నీ అరువువి. సాత్త్వికంలో 0. మొత్తం 4. రెండవదానికి ఆహార్యంలో 1, ఆంగికంలో 1, వాచికంలో 2; స్పష్టత, సహజత్వం ఉన్నా అక్షరదోషాల వల్ల ఒకటి తగ్గింది. సాత్త్వికంలో 3. మొత్తం 7.

అంకెలకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. రెండవ రచనలోని లోపాలను ఒక సాయంత్రంలో సరిచేయవచ్చు. ‘భాద’ను ‘బాధ’గా దిద్దడానికి స్నేహితుడు చాలు. పంక్తుల ఎడం పెంచడానికి, పేరాలు విడదీయడానికి మరొకరు సాయం చేయగలరు. మొదటి రచనలో లేనిదాన్ని మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. ఆ విద్యార్థి స్వయంగా వెళ్లి, ఉప్పెనను చూచినవారి పక్కన కూర్చొని, అడిగి, విని రావాలి. బయటి లోపం ఇతరుల సాయంతో తీరుతుంది; లోపలి లోపం రచయిత శ్రమతోనే తీరుతుంది. తూకంలో వాచిక, సాత్త్వికాలకు ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణం ఇదే. అంతమాత్రాన రూపాన్ని తక్కువచేయరాదు. చదవడానికి వీలులేని పుటలో దాగిన మంచి మాట, కాగడా ఆరిపోయిన రంగంమీద నటుని కన్నీరు వంటిది. అది ఉన్నా ఎవరికీ కనబడదు.

విమర్శకుడు మాధవి వంటివాడు

భామాకలాపంలో సత్యభామ కృష్ణునికి లేఖ రాస్తుంది. దాన్ని తీసుకువెళ్లేది చెలికత్తె మాధవి. మాధవి ఊరకే తల ఊపే పాత్ర కాదు. నీ భర్త ఎవరు, పేరేమిటి, తగవు ఎందుకు వచ్చింది అని అడుగుతుంది. సత్యభామ సిగ్గుపడుతుంది, కోపగించుకొంటుంది, చివరకు తన మనసును విప్పి చెబుతుంది. మాధవి పరిహాసమాడుతుంది గాని అవమానించదు. ఆమె ప్రశ్నల వల్లనే సత్యభామ హృదయం ప్రేక్షకులకు తెలుస్తుంది.

సొంత రాతను పరీక్షించేవారు మాధవిలా ఉండాలి. ముందు పూర్తిగా చదవాలి. మొదట గుణం చెప్పాలి. అది నిజమైన గుణమై ఉండాలి. తరువాత దోషాన్ని చెప్పాలి. “బాగా లేదు” అనడం విమర్శ కాదు. “రెండవ పేరాలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదు” అనడం విమర్శ. చివరకు ఒక ప్రశ్న వేయాలి. “అటకమీద పిల్లలు ఎంతసేపు ఉన్నారు? కిందికి ఎవరు దించారు?” అని ఆ విద్యార్థిని అడిగితే అతడు మళ్లీ అమ్మమ్మ దగ్గరకు వెళతాడు. రచన పెరుగుతుంది. అటువంటి పాఠకుడు రచయితకు మహోపకారం చేసినవాడవుతాడు.

ఇతరుల రచనకు పెట్టిన పరీక్షనే మన రచనకూ పెట్టుకోవాలి. వేషం తేలికగా ఉన్నదా? నడక క్రమంగా ఉన్నదా? మాట స్పష్టంగా ఉన్నదా? చెప్పినది మనదేనా? ఈ నాలుగు ప్రశ్నలకు జంకు లేకుండా జవాబు చెప్పగలిగిన రోజున, ఏ సంపాదకుని ముద్ర లేకపోయినా మన పుట పదిమంది ముందు నిలబడుతుంది.

కఠినపదాలకు అర్థాలు

కూర్పరి = అక్షరాలను పుటగా అమర్చేవాడు
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
పలుపు = పశువును కట్టే తాడు
గుగ్గిలం = మంటలో వేస్తే భగ్గున మండే చెట్టుబంక
రాకిడి = స్త్రీలు తలపై ధరించే గుండ్రని ఆభరణం
కుప్పెలు = జడ చివర వేలాడే అలంకారాలు
ప్రవేశదరువు = పాత్ర రంగప్రవేశం చేసేటప్పుడు పాడే పాట
గగుర్పాటు = ఒళ్లు పులకరించడం

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సొంత రాతను పరీక్షించడానికి నాలుగు విధాల అభినయం ఎలా ఉపకరిస్తుందో వివరించండి.
2. దివిసీమ ఉప్పెనపై ఇద్దరు విద్యార్థుల రచనలను పోల్చి, రచయిత ఇచ్చిన తూకంతో మీరు ఏకీభవిస్తారో లేదో కారణాలతో రాయండి.

ఆ. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. 1958, 1959 సంవత్సరాల సదస్సుల చరిత్ర విమర్శకులకు నేర్పే పాఠం ఏమిటి?
2. తెలుగు పంక్తుల మధ్య ఎక్కువ ఎడం ఎందుకు కావాలి?
3. శీర్షికను సత్యభామ జడతో ఎందుకు పోల్చారు?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కృష్ణాపత్రిక ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?
2. ‘ఇల్లాలి ముచ్చట్లు’ ఏ కలంపేరుతో వెలువడ్డాయి?
3. ‘అర్థం’, ‘అర్ధం’ – ఈ పదాలకు భేదం ఏమిటి?

ఈ. సంధులు, సమాసాలు
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
నాట్యాచార్యులు = నాట్య + ఆచార్యులు – సవర్ణదీర్ఘసంధి
గుణదోషాలు = గుణమూ, దోషమూ – ద్వంద్వసమాసం

ఉ. భాషాకృత్యం
మీ ఇంటిలోని పెద్దలను అడిగి, వారు స్వయంగా చూచిన ఒక సంఘటనను ఒక పుటలో రాయండి. ఆ పుటను మిత్రునితో మార్చుకొని, పాఠంలోని నాలుగు ప్రమాణాలతో ఒకరి రచనను ఒకరు పరీక్షించండి. ప్రతి రచనకూ ఒక గుణం, ఒక దోషం, ఒక ప్రశ్న తప్పక రాయండి.